వీధి కట్టినవాడు, వీధిలో నడిచినామె

సినిమాల గురించి మనం రాసుకున్న వ్యాసాల్లో కథ ఉంటుంది, పాత్రలుంటాయి, స్త్రీ పాత్రకి దర్శకుడు చేసిన అన్యాయం ఉంటుంది. ఆ స్త్రీ నిలబడ్డ గది గురించి మాత్రం పెద్దగా రాసుకోలేదు. ఆ గదికి కిటికీ ఎటువైపుంది, గడియ లోపలుందా బయటుందా, మెట్లెక్కి వచ్చే మనిషి ఆమెకి ముందే కనిపిస్తాడా, లేక తలుపు తోసుకుని వచ్చాకే తెలుస్తుందా? ఇవేవీ వాటంతటవే ఏర్పడవు. ఎవరో ఒకరు బల్ల ముందు కూర్చుని, కాగితం మీద గీసి, వడ్రంగులతో, తాపీమేస్త్రీలతో కట్టించినవే. ఫ్రెంచి సినిమాలో అలా కట్టించిన వాళ్లలో అలెగ్జాండర్ ట్రౌనర్ ఒకడు. కొన్నేళ్లుగా అతని సినిమాల్ని మళ్లీ మళ్లీ చూస్తున్నాను. మొదట గోడల కోసం చూశాను. తర్వాత్తర్వాత ఆ గోడల మధ్య తిరిగిన ఒక నటి నన్ను వదల్లేదు.

కళా దర్శకుడి పనిలో ఒక విచిత్రం ఉంది. బాగా చేస్తే కనిపించదు. ప్రేక్షకుడు 'అబ్బ, ఎంత బాగా కట్టారు' అన్నాడంటే ఆ క్షణానికి కథలోంచి బయటికి వచ్చేసినట్టే. ఇంటిపని చేసే ఆడవాళ్లకి ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. కూరలో ఉప్పు తక్కువైన రోజునే వండిన మనిషి గుర్తొస్తుంది. 'మాయాబజార్' (1957) అనగానే మనకి ఎన్ని పేర్లు నోటికొస్తాయో చూడండి. దానికి కళా దర్శకత్వం చేసిన గోఖలే, కళాధర్‌ల పేర్లు ఆ వరసలో ఎక్కడో చివర్న, అదీ తలుచుకుంటే. అయితే ఈ పోలికని మరీ దూరం లాగలేను. ఇంటిపనికి జీతం లేదు, ఆస్కార్ లేదు. ట్రౌనర్‌కి రెండూ దక్కాయి. కానీ మధ్యలో ఒక నాలుగేళ్లు అతని పేరు ఎక్కడా కనిపించకూడని పేరైంది. ఆ నాలుగేళ్లే నాకు ముఖ్యం.

అతను 1906లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అక్కడి లలితకళల అకాడమీలో చిత్రలేఖనం నేర్చుకున్నాడు. అడ్మిరల్ హోర్తీ పాలనలో హంగరీ విశ్వవిద్యాలయాల్లో యూదుల సంఖ్యకి 1920లోనే పరిమితి పెట్టారు. ఆ గాలిలో ఇమడలేక 1929లో పారిస్ చేరాడు. చిత్రకారుడవుదామనుకున్నవాడికి ఎపినే స్టూడియోలో లాజార్ మేర్సన్ దగ్గర సహాయకుడి పని దొరికింది. రెనే క్లేర్ సినిమాల్లోని పారిస్ ఇంటి కప్పులు, పొగగొట్టాలు, సందులు అన్నీ ఈ మేర్సన్ కట్టినవే. అతను రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన వలసదారు. ట్రౌనర్‌తో పాటు పనిచేసిన జార్జ్ వాకెవిచ్‌ది ఒడెస్సా. తర్వాత కథలోకొచ్చే లియోన్ బార్సాక్ పుట్టింది క్రిమియాలో. ఫ్రెంచివాళ్లు ఇది మా పారిస్ అని మురిసిపోయే ఆ వెండితెర పారిస్‌ని కట్టింది ఎక్కువగా ఈ పరాయివాళ్లే. ఊళ్లో పుట్టినవాళ్లు చూడ్డం మానేసిన వాటిని వీళ్లు చూశారు. గోడ మీద ఊడిన సున్నం, కొట్టు ముందు వేలాడే బోర్డు అక్షరాల తీరు, తడిసిన రాతి బాట. ట్రౌనర్ కెమెరా పట్టుకుని వీధులు తిరిగేవాడు, ఫొటోలు తీసేవాడు. స్టూడియోకి వచ్చాక మాత్రం ఫొటోని నకలు చేసేవాడు కాదు. వందలో నాలుగు వివరాలు ఏరుకుని, ఆ నాలుగింటి మీదే వీధి నిలబెట్టేవాడు. ముందు రంగుల్లో ఒక చిత్రం వేసేవాడు, అందులోనే వెలుతురు ఎటునుంచి పడాలో ఉండేది.

మేర్సన్ దగ్గర వాళ్లు పనిచేసిన సినిమాల్లో ఒకటి జాక్ ఫేదర్ తీసిన 'లా కెర్మెస్ ఎరోయిక్' (1935). కథ 1616 నాటి ఫ్లాండర్స్‌లోని ఒక చిన్న ఊరిది. స్పెయిన్ సైన్యం వస్తోందని తెలిసి మేయరు చచ్చినట్టు నటిస్తాడు, ఊరి మగాళ్లు దాక్కుంటారు. మేయరు భార్య ఊరి ఆడవాళ్లని కూడగట్టి, వచ్చిన సైనికులకి విందులిచ్చి, నవ్వి, మర్యాదలు చేసి ఊరిని కాపాడుతుంది. ఆ రోజుల్లో అది హాస్యచిత్రం. పదేళ్లు తిరక్కుండానే ఫ్రాన్సులో పరాయి సైనికులకి మర్యాద చేసిన ఆడవాళ్ల గతి ఏమైందో తెలిశాక ఆ సినిమాకి నవ్వడం కష్టం. ఈ మాట గుర్తుంచుకోండి.

1937 నాటికి ట్రౌనర్ సొంతంగా పనిచేయడం మొదలుపెట్టాడు. దర్శకుడు మార్సెల్ కార్నే, కవి, రచయిత జాక్ ప్రెవేర్‌లతో జత కుదిరింది. 'రేవులో పొగమంచు' (1938), 'ఓతెల్ దు నోర్' (1938), 'తెల్లవారుతోంది' (1939) వరసగా వచ్చాయి. 'ఓతెల్ దు నోర్' కథంతా పారిస్‌లోని సెంట్ మార్తాన్ కాలువ ఒడ్డున ఒక చవక లాడ్జిలో జరుగుతుంది. నిజమైన కాలువ మీద వారాల తరబడి జనాన్ని ఆపి షూటింగ్ చేయడం కుదరదు. అందుకని బియాంకూర్ స్టూడియో దగ్గర నేల తవ్వించి, నీళ్లు నింపి, కాలువని, దాని మీద ఇనుప వంతెనని, వెనక లాడ్జిని కట్టారు. ఇందులో ఒక తమాషా ఉంది. అసలు కాలువ ఒడ్డునున్న అసలు హోటలు ముఖభాగాన్ని 1989లో ప్రభుత్వం చారిత్రక కట్టడంగా నమోదు చేసింది. సినిమా అక్కడ తీయలేదు. నకలుకి వచ్చిన పేరే అసలుని కూలిపోకుండా కాపాడింది.

ఆ నకలు వంతెన మీద నిలబడి, తనని వదిలించుకోబోతున్న మగవాడిని ఎదురు ప్రశ్నించే వేశ్య పాత్ర వేసింది ఆర్లెటీ. ఆ ఒక్క సన్నివేశంతో ఆమె ఫ్రాన్సు అంతటికీ తెలిసిపోయింది. అసలు పేరు లియోనీ బాతియా. 1898లో పారిస్ శివార్లలోని కూర్బవ్వాలో పుట్టింది. తల్లి బట్టలు ఉతికే పని చేసేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆర్లెటీ కూడా ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ గొంతులోని వాడి, పేటల యాస ఎక్కడా నేర్చుకున్నవి కావు.

'తెల్లవారుతోంది'లో ట్రౌనర్ ఐదంతస్తుల పేదల ఇల్లు ఒకటి కట్టాడు. చుట్టూ ఏమీ లేదు, ఆ ఇల్లొక్కటే ఒంటరిగా పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. పై అంతస్తులో ఒక గది. హత్య చేసిన కార్మికుడు అందులో తలుపేసుకుని, బీరువా అడ్డం పెట్టి, రాత్రంతా తన గతం తలుచుకుంటాడు. ఖర్చు తగ్గుతుంది, ఒక అంతస్తు తీసేయమని నిర్మాత అడిగితే ట్రౌనర్ ఒప్పుకోలేదు. ఆ మనిషి కింది జనానికి అందనంత ఎత్తులో ఉండాలి, అక్కడి నుంచి అరిస్తే వాళ్లకి వినపడాలి, అంతే తప్ప వాళ్లు చేయి చాపలేనంత దూరం. సాధారణంగా స్టూడియో గదికి మూడు గోడలే ఉంటాయి, నాలుగోది కెమెరాకి వదిలేస్తారు. ఈ గదికి నాలుగూ కట్టారు. లోపలున్నవాళ్లు పైనుంచి నిచ్చెన మీద దిగాల్సి వచ్చేది.

మంచి గది, ఒప్పుకుంటాను. కానీ ఆ సినిమాలో ఆడవాళ్లకేం దక్కిందో చూడండి. నాలుగు గోడల మధ్య కూర్చుని ఆలోచించుకునే హక్కు మగవాడిది. అనాథ పిల్ల ఫ్రాన్స్వాజ్‌కి ఇచ్చింది పూలతోట, ఇంకొకరింటి వంటగది. ఆర్లెటీ వేసిన క్లారాకి ఇచ్చింది వేదిక, ఆపైన హోటలు గది. ఆమె స్నానం చేస్తూండగా మగవాడు లోపలికొచ్చే దృశ్యం ఒకటుంది. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆ దృశ్యాన్ని కత్తిరించారు. ఆమె ఒళ్లు కనిపించడమే వాళ్లకి అభ్యంతరం. తలుపు తీసుకుని లోపలికి రావడం మీద ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.

1940 జూన్‌లో ఫ్రాన్సు ఓడిపోయింది. అక్టోబర్ 3న విషీ ప్రభుత్వం యూదుల మీద మొదటి చట్టం తెచ్చింది, 1941 జూన్‌లో దాన్ని మరింత బిగించింది. సినిమా పరిశ్రమలో పనిచేయాలంటే అనుమతి కార్డు కావాలి, యూదుడికి కార్డు ఇవ్వరు. ట్రౌనర్ దక్షిణానికి వెళ్లిపోయి, నీస్ నగరానికి ఎగువన కొండల్లో టూరెత్ సుర్ లూ అనే పల్లె ప్రాంతంలో తలదాచుకున్నాడు. ప్రెవేర్ ఆ దగ్గర్లోనే ఉండేవాడు. సంగీత దర్శకుడు జోసెఫ్ కోస్మాది కూడా బుడాపెస్టే, అతనూ యూదుడే, అతనూ అక్కడే చేరాడు.

అలా దాక్కుని చేసిన మొదటి పని 'సాయంకాలపు అతిథులు' (1942). పదిహేనో శతాబ్దపు కథ. టైటిల్స్‌లో కళా దర్శకుడు వాకెవిచ్. ఊహించి గీసింది ట్రౌనర్. కోటని తెల్లగా, పాలరాయిలా కట్టించారు. ప్రేక్షకులకి, విమర్శకులకి అది నచ్చలేదు. కోటంటే నాచు పట్టి, నల్లబడి ఉండాలి కదా! కానీ ఆ కథ జరిగే నాటికి ఆ కోట కొత్తది. మనకి పాతగా తెలిసినవన్నీ తమ కాలంలో సున్నపు వాసనేసిన కొత్త ఇళ్లే. చరిత్ర గురించి ఇంత సూటి వ్యాఖ్య చాలా చరిత్ర పుస్తకాల్లో దొరకదు.

రెండోది ఈ వ్యాసానికి మూలం. 'లెజాంఫాం ద్యు పారాది', అంటే 'స్వర్గపు పిల్లలు'. ఆ స్వర్గం దేవుడిది కాదు. పాత ఫ్రెంచి నాటకశాలల్లో అన్నిటికంటే పైనుండే చవక గ్యాలరీకి జనం పెట్టుకున్న పేరు అది. మన సినిమా హాళ్లలో పేదవాళ్లు నేల మీద కూర్చుని తెరకి దగ్గరగా చూసేవారు, డబ్బున్నవాళ్లు మేడ మీద. అక్కడ తిరగబడి ఉంది. పేదవాళ్లు కప్పుకి ఆనుకుని, కాళ్లు వేలాడేసుకుని, ఈలలేస్తూ, నారింజలు తింటూ చూసేవాళ్లు. కథ 1820లు, 30లలో పారిస్‌లో నాటకశాలలన్నీ ఒకే వరసలో ఉన్న వీధిలో జరుగుతుంది. అక్కడాడే నాటకాల్లో రోజూ అన్ని హత్యలు జరిగేవి కాబట్టి జనం దాన్ని నేరాల వీధి అనేవారు. 1862లో ఆ వీధిని చాలావరకు కూలగొట్టారు. అంటే ట్రౌనర్ దాన్ని ఫొటో తీయడానికి వీల్లేదు. బొమ్మల్లోంచి, పాత పుస్తకాల్లోంచి తిరిగి లేపాలి.

అదీ దాక్కుని. నీస్‌లోని విక్టోరిన్ స్టూడియో ఆరుబయట సుమారు 150 మీటర్ల పొడవున ఆ వీధి లేచింది. 350 టన్నుల ప్లాస్టర్ పట్టిందని, 35 టన్నుల పరంజా పట్టిందని చెబుతారు. దేశంలో మేకులు దొరకని, గుడ్డ దొరకని, రొట్టెకి రేషన్ ఉన్న రోజులు. వీధి చివరికి వెళ్లే కొద్దీ ఇళ్లు చిన్నవవుతాయి, కంటికి అది దూరంలా అనిపిస్తుంది. వీధి మొదట్లో నిలబడ్డ మనిషి ఎత్తు తలుపంత ఉంటే, చివర నిలబడ్డ మనిషికి మేడ కిటికీ అందుతుంది. కాబట్టి ఎవరు ఎంతవరకు నడవొచ్చో కూడా సెట్టు వేసినవాడే తేల్చాలి. ఆ లెక్కంతా వేసిన మనిషి మాత్రం ఆ వీధిలో బాహాటంగా నిలబడి చూసుకునే స్థితిలో లేడు. గీసిన కాగితాలు కొండ దిగి వచ్చేవి. వాటిని చేతపట్టుకుని, తన పేరు మీద, స్టూడియోలో మేస్త్రీల ముందు నిలబడ్డవాడు లియోన్ బార్సాక్. కోస్మా సంగీతానికి పేరిచ్చినవాడు మోరిస్ తిరియే. ఈ ఇద్దరూ చేసింది చిన్న సాయం కాదు. బయటపడితే వాళ్లకీ ముప్పే. బార్సాక్‌ని వట్టి ముసుగు అనేయడం కూడా నాకు ఇష్టం లేదు. అంత పెద్ద సెట్టుని అలాంటి రోజుల్లో నిలబెట్టడం చేతనైనవాడి పనే.

షూటింగ్ 1943 ఆగస్టులో మొదలైంది. అప్పటికి నీస్ ఇటలీ సైన్యం చేతుల్లో ఉంది, అక్కడ యూదులకి కొంత ఊపిరాడేది. సెప్టెంబర్ 8న ఇటలీ లొంగిపోయినట్టు తెలిసింది. జర్మన్లు నీస్‌లోకి వచ్చి ఇంటింటికీ, హోటలు హోటలుకీ యూదుల వేట మొదలుపెట్టారు. షూటింగ్ ఆగింది. నిర్మాత ఆంద్రే పోల్వేని పక్కకి తప్పించారు, పాథే సంస్థ తీసుకుంది. యూనిట్ పారిస్ వెళ్లింది. నీస్‌లో వదిలేసిన వీధి గాలివానకి దెబ్బతింది. 1944 మొదట్లో తిరిగొచ్చి బాగుచేసుకుని మిగతా భాగం తీశారు. విందు దృశ్యం కోసం పెట్టిన తిండిని కెమెరా తిరక్క ముందే జూనియర్ ఆర్టిస్టులు తినేసేవారని ఆ షూటింగ్ గురించి చెప్పుకుంటారు. పైకి నిండుగా ఉన్న ఒక రొట్టెని ఎత్తి చూస్తే లోపల మెత్తనంతా ఎవరో తోడుకుని తినేశారట. సెట్టు గురించి అంతకంటే నిజమైన కథ నేను వినలేదు.

ఇంతకీ ఆ వీధిలో ఆమెకి దొరికిన చోటేది? ఆర్లెటీ ఈ సినిమాలో గారాన్స్. నలుగురు మగవాళ్లు, అంటే మూకాభినయ కళాకారుడు బాప్టీస్ట్, నటుడు ఫ్రెడరిక్, నేరస్తుడు లాసెనేర్, ఒక ప్రభువు, ఆమెని కోరుకుంటారు. ఆమె మనకి మొదట కనిపించేది ఒక గుడారంలో. బయట బోర్డు మీద 'సత్యం' అని ఉంటుంది, టికెట్టు కొనుక్కుని లోపలికెళ్తే నీళ్ల తొట్టిలో భుజాల దాకా మునిగి, అద్దంలో తన మొహం తానే చూసుకుంటూ ఆమె. నగ్న సత్యాన్ని చూద్దామని డబ్బిచ్చిన మగవాళ్లకి దక్కేది భుజాలు మాత్రమే. ఇందులో ప్రెవేర్ చమత్కారం ఎంతో, తొట్టి అంచు ఎంత ఎత్తుండాలో తేల్చిన ట్రౌనర్ చేయి అంత. ఆ పని మానేశానని, కారణం కూడా ఆమె తొందరలోనే చెబుతుంది. తల వరకే చూపించమని కాదు, మొత్తం చూపించమని అడుగుతున్నారు మరి.

తర్వాత లాడ్జి గది. కిటికీలోంచి వెన్నెల. బాప్టీస్ట్ ఆమెని అక్కడికి తీసుకొచ్చి, ప్రేమ అంటే ఏదో గొప్ప విషయమని వణికి, ఆమెని ఒంటరిగా వదిలేసి వెళ్లిపోతాడు. పక్క గది ఫ్రెడరిక్‌ది. ఆ రెండు గదుల మధ్య దూరం అంతా కలిపి ఒక కిటికీ. చాలామంది విమర్శకులు ఇక్కడ బాప్టీస్ట్ స్వచ్ఛత గురించి పేజీలు రాశారు. నాకు మాత్రం అతను ఆమెని అడగలేదన్నదే కనిపిస్తుంది. ఆమెకేం కావాలో ఆమె మామూలు మాటల్లో చెప్పింది కూడా.

రెండో భాగంలో ఆమె ప్రభువుగారి మేడలో ఉంటుంది. మెట్లు, స్తంభాలు, బంగారు పూత, ఎక్కడ నిలబడ్డా ఆమె చిన్నగా కనిపించేంత ఎత్తున్న గదులు. తొట్టిలో ఉన్నప్పుడు ఆమె వయ్యారం నాకు నచ్చింది, ఇక్కడ ఆమె కదలడమే తగ్గిపోతుంది. రోజూ రాత్రి నాటకశాలకి వచ్చి ముసుగేసుకుని బాక్సులో కూర్చుని బాప్టీస్ట్‌ని చూస్తుంది. ఒకప్పుడు అందరూ డబ్బిచ్చి చూసిన మనిషి ఇప్పుడు తాను చూడడానికి దాక్కోవాలి. ఇది గీస్తున్నప్పుడు ట్రౌనర్ ఏమనుకున్నాడో గానీ, దాక్కుని చూడడం అంటే ఏమిటో అతనికి తెలుసు. ఆ బాక్సు చీకటిగా, లోతుగా, వేదికకి మరీ దగ్గరగా ఉంటుంది. అలాగని ట్రౌనర్‌ని స్త్రీవాదిగా నిలబెట్టాలని నాకేం లేదు. అతని గదులు మగవాళ్లు రాసుకున్న కథలకి కట్టినవే. కాకపోతే మంచి మేస్త్రీ కట్టిన ఇల్లు యజమాని చెప్పని నిజాలు కూడా చెబుతుంది.

1944 ఆగస్టులో పారిస్‌కి విముక్తి వచ్చింది. సినిమా విడుదలని ఆ రోజు కోసమే కార్నే సాగదీశాడంటారు. 1945 మార్చి 9న షాయో ప్యాలెస్‌లో తొలి ప్రదర్శన. టైటిల్స్‌లో ఇప్పుడు ట్రౌనర్ పేరుంది, కోస్మా పేరుంది. అజ్ఞాతంలో ఉండి సహకరించారని అర్థం వచ్చే మాట వాళ్ల పేర్లకి జోడించారు. నాలుగేళ్లు లేని పేరు తెర మీదికి వచ్చింది. అది న్యాయమే. టైటిల్స్‌లో కనిపించని వడ్రంగులు, బట్టలు కుట్టిన ఆడవాళ్లు మాత్రం అలాగే ఉండిపోయారు. వాళ్ల పేర్లు వేసే అలవాటు ఆ రోజుల్లో లేదు. కళా దర్శకుల పేరు పడడం కూడా అంత స్థిరమైన విషయం కాదు. మాక్స్ ఓఫుల్స్ తీసిన 'లె ప్లెజీర్' (1952)లో వేశ్యాగృహం ఇంటిని కట్టింది జాన్ దోబోన్. కెమెరా ఆ ఇంటి గోడల వెంట పాకుతూ, కిటికీల్లోంచి తొంగిచూస్తూ, ఒక్కసారి కూడా లోపలికి పోదు. ఆ సినిమా కళా దర్శకత్వానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దర్శకుడి పేరు మీద!

ట్రౌనర్ మిగతా ప్రయాణం మీకు కొంత తెలిసే ఉంటుంది. 1946లో 'రాత్రి ద్వారాలు' కోసం బార్బెస్ మెట్రో స్టేషన్ మొత్తం స్టూడియోలో కట్టాడు. ఇళ్లు కూలిపోయి జనం గూడు లేకుండా ఉంటే సినిమాకి ఇంత ఖర్చా అని తిట్టారు. తర్వాత బిల్లీ వైల్డర్‌తో హాలీవుడ్. 'ది అపార్ట్‌మెంట్' (1960)లో అంతు లేనట్టు కనిపించే ఆఫీసు హాలుకి నేరాల వీధి కిటుకే వాడాడు. వెనక్కి పోయే కొద్దీ బల్లలు చిన్నవి, బల్లల ముందు మనుషులు కూడా చిన్నవాళ్లు. దానికి ఆస్కార్. అందులో లిఫ్టు నడిపే అమ్మాయికి సినిమా మొత్తంలో తనదంటూ ఉన్న చోటు ఆ లిఫ్టే, అందులోనూ ఎక్కినవాళ్లంతా చేయి వేస్తారు. ఇది విడిగా రాయాల్సిన సంగతి.

ఆ మార్చి ప్రదర్శనకి ఆర్లెటీ రాలేదు. 1944 అక్టోబర్‌లో ఆమెని అరెస్టు చేశారు. ఆక్రమణ కాలంలో హాన్స్ యుర్గెన్ జోరింగ్ అనే జర్మన్ వైమానిక దళ అధికారితో ఆమెకి సంబంధం ఉండేది, దాన్ని ఆమె దాచనూ లేదు. కొంతకాలం డ్రాన్సీలోనూ, ఫ్రెన్ జైల్లోనూ ఉంచి, తర్వాత పారిస్‌కి దూరంగా లా హూసే గ్రామంలోని ఒక కోటలో నిఘాలో పెట్టారు. డ్రాన్సీ మనకి తెలిసిన పేరే. యుద్ధకాలంలో ఫ్రాన్సు నుంచి మృత్యు శిబిరాలకి పంపిన యూదుల్లో 60,000కు పైగా మంది అక్కడినుంచే రైలెక్కారు. నీస్ కొండల్లో దొరికిపోయి ఉంటే ట్రౌనర్ వెళ్లాల్సింది కూడా అక్కడికే. సెట్టు గీసినవాడు తప్పించుకున్న చోటికి, అతన్ని తరిమినవాళ్లు వెళ్లిపోయాక, అందులో నటించినామెని తీసుకెళ్లారు.

ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. ఆర్లెటీ ఆ సంవత్సరాల్లో ఆకలితో లేదు. యూదుల పిల్లల్ని బస్సుల్లో ఎక్కిస్తున్నప్పుడు ఆమె జర్మన్ అధికారితో విందులకి వెళ్లింది. ప్రేమ అన్న మాటతో ఆ కళ్ల ముందరి సంగతిని తుడిచేయలేం. ఆమెని అమాయకురాల్ని చేసి జాలిపడే వ్యాసాలు నాకు నచ్చవు. అవి ఆమెకి బుద్ధి లేదనే చెబుతున్నాయి. కానీ ఆమె మీద మోపింది ఆ అలక్ష్యం కాదు. ఆమె ఎవర్నీ పట్టివ్వలేదు, ద్వేషం నూరిపోసే రాత ఒక్కటీ రాయలేదు. అదే సినిమాలో మొదట పాత బట్టలమ్మే జెరికో పాత్రకి తీసుకున్న రోబెర్ లె విగాన్ యూదు వ్యతిరేకి, రేడియోలో నాజీల పక్షాన మాట్లాడినవాడు. ఓటమి ఖాయమని తెలిసి జర్మనీకి పారిపోతే అతని స్థానంలో పియేర్ రెన్వార్‌తో మళ్లీ తీశారు. లె విగాన్‌కి తర్వాత శిక్ష పడింది. అతను చేసిన పనికి, అన్న మాటలకి. ఆర్లెటీకి పడింది ఎవరితో పడుకుందన్న దానికి.

ఆమెకి పేరుంది కాబట్టి కోట దొరికింది. పేరు లేని ఆడవాళ్లకి నడిబజారు దొరికింది. విముక్తి కాలంలో ఫ్రాన్సులో దాదాపు 20,000 మంది స్త్రీలకి జనం మధ్య గుండు గీశారని ఆ ఘటనల్ని పరిశోధించిన చరిత్రకారుడు ఫాబ్రిస్ విర్జీలీ లెక్క. వాళ్లందరి మీదా ఉన్న ఆరోపణ జర్మన్‌తో పడుకున్నారని కాదు. కొందరు జర్మన్ల దగ్గర బట్టలుతికారు, కొందరు టైపిస్టులు, కొందరి మీద పక్కింటివాళ్ల అనుమానం. నేరం ఏదైనా ఆడదైతే శిక్ష జుట్టు మీదికే వచ్చింది. నాలుగేళ్లు ఏమీ చేయలేకపోయామన్న మగవాళ్ల అవమానం తీరడానికి ఒక సెట్టు కావాలి. ఊరి కూడలి, ఒక కుర్చీ, చుట్టూ జనం, ఎవరి చేతిలోనో కెమెరా. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నా కళ్లు ముందు కుర్చీ కోసం వెతుకుతాయి. ఎవరింట్లోంచి తెచ్చారో ఆ కుర్చీ.

'సహకారం' అనే ఒకే మాట ఆ సంవత్సరం ఫ్రాన్సులో రెండు చోట్ల ఉంది. టైటిల్స్‌లో ట్రౌనర్ పేరు పక్కన అది గౌరవం, ఆర్లెటీ ఫైలు మీద అది నేరం. రెండూ న్యాయంగానే వాడారని వాదించవచ్చు. నేను వాదించను. కానీ ఒకటి అడుగుతాను. చేతులతో చేసిన పనిని దేశం మూడు గంటల సినిమాలో చూసి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో సగం ఆ మనిషి నడక కోసం, గొంతు కోసం, నవ్వు కోసం కొట్టినవే. అవి ఆమె పని కావా? ఒంటిని పనిముట్టుగా చేసుకుని బతికిన మనిషి విషయంలో ఆ ఒళ్లు ఎప్పుడు పని, ఎప్పుడు దేశపు సొత్తు అని తేల్చిందెవరు?

సినిమా చివర్లో కార్నివాల్. ట్రౌనర్ కట్టిన వీధి చివరిదాకా జనంతో నిండిపోతుంది. తెల్లబట్టల కోణంగి వేషాలు వందల్లో, అందరూ బాప్టీస్ట్‌లే. గారాన్స్ గుర్రబ్బండి ఎక్కి, ఎదర చూస్తూ, ఎవరికోసమూ ఆగకుండా వెళ్లిపోతుంది. ఆ జనాన్ని తోసుకుంటూ ఆమెని పిలుస్తూ బాప్టీస్ట్ మునిగిపోతాడు. బండి ఎటు పోతుందో మనకి చెప్పరు. ఆ వీధి అక్కడితో అయిపోతుంది, దాని తర్వాత కట్టలేదు.

పారిస్‌లోని మదలేన్ థియేటర్లో సినిమా 54 వారాలు ఆడింది. అందులో ఏడో వారం, 1945 ఏప్రిల్ 29న, ఫ్రెంచి స్త్రీలు చరిత్రలో మొదటిసారి ఓటు వేశారు. మున్సిపల్ ఎన్నికలు. క్యూల్లో నిలబడ్డవాళ్లలో తల మీద రుమాలు కట్టుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. ఆర్లెటీ అప్పటికింకా లా హూసేలోనే ఉంది.